పదికి ఏడు వస్తే జబ్బున్నట్టేనా?

డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక పాఠకురాలు ఇలా అడిగింది: “సార్, ఆన్‌లైన్‌లో పర్సనాలిటీ డిజార్డర్ టెస్ట్ రాశాను. బోర్డర్‌లైన్ హై అని వచ్చింది. అవాయిడెంట్ కూడా హై, పారనాయిడ్ మోడరేట్. అంటే నాకు మూడు జబ్బులున్నాయా?”

అమెరికన్ సైకియాట్రిస్టుల పుస్తకం డీఎస్ఎమ్-5లో పది వ్యక్తిత్వ రుగ్మతలు (పర్సనాలిటీ డిజార్డర్లు) ఉన్నాయి. ఆ అమ్మాయి చెప్పిన మూడూ వాటిలోవే. ‘బోర్డర్‌లైన్’ అంటే ఇక్కడ ‘అంచున ఉంది’ అని కాదు, భావోద్వేగాలూ బంధాలూ నిలకడ లేకుండా ఊగిసలాడే ఒక రుగ్మత పేరు. మొత్తం పదింటి పేర్లూ లక్షణాలూ ఇక్కడ ఏకరువు పెట్టను. ఎక్కడైనా దొరుకుతాయి, పైగా చదివినకొద్దీ అన్నీ మనకే ఉన్నట్టు అనిపిస్తాయి. వైద్య విద్యార్థులకు ఇది పాత అనుభవమే: ఏ పాఠం చదివితే ఆ జబ్బు తమకుందేమోనని భయం. నన్ను పట్టుకున్నది ఆ ‘హై’ అన్న మాట వెనక లెక్క.

ఊరూ పేరూ లేని క్విజ్‌లను వదిలేసి, ఉన్నవాటిలో పద్ధతైన దాన్నే తీసుకుందాం. అమెరికాలో మెక్‌లీన్ ఆస్పత్రికి చెందిన మేరీ జనరీనీ బృందం 2003లో బోర్డర్‌లైన్ రుగ్మత కోసం పది ప్రశ్నల చిన్న పరీక్ష ప్రచురించింది. ఔను, కాదు అని చెప్పాలి. ఏడు ఔనులు వస్తే ‘పాజిటివ్’. రుగ్మత ఉన్నవాళ్ళలో 81 శాతాన్ని అది పట్టుకుంటుంది, లేనివాళ్ళలో 85 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి బాగానే ఉంది. అయితే ఏడు వచ్చిన మనిషికి రుగ్మత ఉండే అవకాశం 81 శాతమా? 85 శాతమా?

రెండూ కాదు. వెయ్యిమందిని తీసుకోండి. మామూలు జనంలో ఈ రుగ్మత నూటికి ఒకరిద్దరికి ఉంటుందని అంచనా. ఇద్దరే అనుకుందాం. అంటే వెయ్యిలో 20 మందికి ఉంది, 980 మందికి లేదు. ఆ 20 మందిలో పరీక్ష 16 మందిని పట్టుకుంటుంది. లేని 980 మందిలో 15 శాతాన్ని, అంటే 147 మందిని, పొరపాటున పట్టుకుంటుంది. మొత్తం పాజిటివ్‌లు 163. అందులో అసలైనవి 16. పదింట ఒకటి!

ఇక్కడ తికమకపడితే మీ తప్పేం లేదు. 1978లో హార్వర్డ్ వైద్య కళాశాల పరిధిలో 60 మంది డాక్టర్లను, విద్యార్థులను ఇలాంటి లెక్కే అడిగారు. సరిగ్గా చెప్పినవాళ్ళు 11 మంది. మన ఇంటర్ సంభావ్యత పాఠంలో ఈ లెక్కకే పనికొచ్చే బేయీస్ సిద్ధాంతం ఉంది, కానీ ఆ పాఠం అనగానే గుర్తొచ్చేవి సంచిలో ఎర్ర బంతులు, తెల్ల బంతులే. ఆ పాఠాన్ని ఇలాంటి స్కోరు కాగితంతో చెబితే ఒక్కరూ మర్చిపోరు.

ఇల్లు కట్టేచోట ఇసుక జల్లించడం చూసే ఉంటారు. వాలుగా నిలబెట్టిన జల్లెడ మీదికి పారతో ఇసుక విసురుతారు. సన్న ఇసుక అవతల పడుతుంది, గులకరాళ్ళు ఇవతల మిగులుతాయి. రాళ్ళే కాదు, తడిసి గడ్డకట్టిన ఇసుక ఉండలు కూడా ఇవతలే ఆగిపోతాయి. జల్లెడకు తెలిసింది సైజు ఒక్కటే, ఏది రాయో ఏది ఉండో దానికి తెలియదు. స్క్రీనింగ్ పరీక్ష చేసేదీ ఇదే. కుప్పలో రాళ్ళు తక్కువైతే ఇవతల మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం ఉండలే. రాళ్ళు దండిగా ఉన్న కుప్పను అదే జల్లెడ మీద వేస్తే మిగిలేది చాలావరకు రాళ్ళే. జల్లెడ మారలేదు, కుప్ప మారింది.

అంకెల్లో చూడండి. సైకియాట్రీ వార్డులో చేరినవాళ్ళలో ఐదింట ఒకరికి బోర్డర్‌లైన్ ఉందనుకుందాం. వెయ్యిలో 200 మంది. పట్టుబడే అసలువాళ్ళు 162, పొరపాటువాళ్ళు 120. ఇప్పుడు పాజిటివ్ అయితే సగానికి పైగా నిజం. అదే పది ప్రశ్నలు, అదే ఏడు స్కోరు. వార్డులో ఒక అర్థం, హాస్టల్ గదిలో ఇంకో అర్థం. ఈ సంగతి చెప్పకుండా స్కోరొక్కటే ఎర్ర రంగులో చూపించడం నా దృష్టిలో మోసానికి దగ్గర.

కన్నాలు పెద్దవి చేస్తే, అంటే ఏడుకు బదులు ఎనిమిది రావాలంటే, ఉండలు తగ్గుతాయి, నిజమే. చిన్న రాళ్ళు కూడా జారిపోతాయి. రెండూ ఒకేసారి బాగుపడవు. ఈ జల్లెడ గట్టిగా పనికొచ్చేది రెండో వైపు: ముందు వేసిన మామూలు జనం లెక్కలో నెగటివ్ వచ్చిన 837 మందిలో నిజంగా రుగ్మత ఉన్నవాళ్ళు నలుగురే.

మరి ఆ అమ్మాయికి మూడెందుకొచ్చాయి? ఆన్‌లైన్ టెస్టులు పది రుగ్మతలనూ ఒకే ఊపులో చూస్తాయి, అంటే పది జల్లెడలు. ఒక్కొక్కటి పదిమందిలో ఒకరిని పొరపాటున పట్టుకుంటుందనుకుందాం. పదింటినీ దాటి బయటపడే అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వస్తుంది: దాదాపు 0.35. ఏ రుగ్మతా లేని మనిషికి కూడా కనీసం ఒకటి తగిలే అవకాశం 65 శాతం! అయితే ఇది పది పరీక్షలూ వేటికవే అనుకుని వేసిన లెక్క. నిజానికి ప్రశ్నలు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. ‘నన్ను వదిలేస్తారేమో’ అన్న భయం, ‘నన్ను తిట్టుకుంటున్నారేమో’ అన్న అనుమానం కలిసే వస్తాయి. అందువల్ల పొరపాట్లు అందరికీ తలా ఒకటి పడవు, కొందరికే మూడేసి నాలుగేసి పడతాయి.

ఇక “అచ్చం నా గురించే రాసినట్టుంది” అన్న ఆశ్చర్యం. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన క్లాసులో 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ ‘మీ ఫలితం’ అంటూ కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులేయమంటే సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! అందులో చాలా వాక్యాలు వీధి కొట్లో కొన్న జ్యోతిషం పుస్తకంలోవి. ఉగాదినాడు మన రాశి ఫలం వింటూ తలాడించేది ఇందుకే. అక్కడ ఆదాయం, వ్యయం అంకెలైనా ఉంటాయి.

ఉండల దగ్గరికి వద్దాం. అవి ఉండలుగా ఉన్నది తడి వల్ల. బ్రేకప్ అయిన వారంలో, బ్యాక్‌లాగ్స్ టెన్షన్‌లో, నిద్రలేని రాత్రి రెండింటికి ఇచ్చే జవాబులు ఆ తడివి. వ్యక్తిత్వ రుగ్మత అనాలంటే ఆ తీరు కౌమారం నుంచో యౌవనం తొలినాళ్ళ నుంచో సాగుతూ ఉండాలి, ఇంట్లో, స్నేహాల్లో, పనిలో కూడా కనబడాలి, బతుకును దెబ్బతీస్తూ ఉండాలి. వేలితో నలిపి చూసేవాళ్ళు అందుకే కావాలి. స్టీవెన్ హైలర్ తయారుచేసిన పీడీక్యూ-4 అనే వ్యక్తిత్వ రుగ్మతల ప్రశ్నావళిలో కూడా, ‘ఔను’ అన్నవాటిని నిపుణుడు మళ్ళీ తవ్వి అడగడానికి విడిగా ఒక భాగం ఉంది. ఆన్‌లైన్‌లో సాధారణంగా ఎగిరిపోయేది అదే.

నలిపినా పని తేలిక కాదు. డీఎస్ఎమ్‌లో బోర్డర్‌లైన్‌కు తొమ్మిది లక్షణాలు, కనీసం ఐదుండాలి. ఎన్ని రకాలుగా ఐదో అంతకన్నా ఎక్కువో కుదురుతాయి? 126+84+36+9+1, మొత్తం 256. అదే పేరున్న ఇద్దరికి ఉమ్మడిగా ఒక్క లక్షణమే ఉండొచ్చు. ఈ గందరగోళం చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో రకాల పేర్లు దాదాపు తీసేసి, ముందు తీవ్రత ఎంతో చెప్పమంది. బోర్డర్‌లైన్ ఒక్కటే అదనపు గుర్తుగా మిగిలింది.

ఆ అమ్మాయికి నేను చెప్పింది: మూడు జబ్బులున్నాయని ఆ స్క్రీన్‌షాట్ చెప్పలేదు. ఏమీ లేవనీ చెప్పలేదు. తనను తాను గాయపరచుకోవడం గురించిన ప్రశ్నకు ‘ఔను’ అని ఉంటే మాత్రం మొత్తం స్కోరుతో పనిలేదు, వెంటనే మాట్లాడాలి. టెలి మానస్ 14416కి తెలుగులో కూడా ఫోన్ చేయొచ్చు. ‘ఎర్రగడ్డకి పంపాలి’ అని నవ్వుకునే మన అలవాటు వల్ల ఎంతమంది డాక్టరు గది బదులు ఫోన్ తెర దగ్గర ఆగిపోతున్నారో!

నిజంగానే రాయి అని తేలితే? ఆ పది ప్రశ్నలు తయారుచేసిన జనరీనీయే ఆస్పత్రిలో చేరిన 290 మంది బోర్డర్‌లైన్ రోగులను ఏళ్ళ తరబడి గమనించింది. పదేళ్ళలో 93 శాతం మందిలో లక్షణాలు రోగనిర్ధారణ స్థాయి కంటే తగ్గి, కనీసం రెండేళ్ళు అలాగే ఉన్నాయి. వాటితోపాటు చదువు, ఉద్యోగం, బంధాలు కూడా కుదుటపడినవాళ్ళు సగం మంది.