ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమాన ప్రయాణం: అపోహలు, వాస్తవాలు

విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం నింపాలి, అవసరపడితే ఎక్కడ దిగాలి అన్నవి లెక్కగట్టి పైలట్ల ముందుంచేది మేము, ఫ్లైట్ డిస్పాచర్లం. బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల పిల్లలున్న తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేది ఒక్కటే: ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు? భూగోళం మీద దగ్గరి దారి సుమారు 12,400 కిలోమీటర్లు. ఆ దారిన మాత్రం ఎవరూ వెళ్లరు.

అపోహ: అమెరికా పడమట ఉంది కాబట్టి విమానం యూరప్ మీదుగానే వెళ్లాలి.

గోడ మీది పటంలో అమెరికా ఎడమ చివర ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. అది ఢిల్లీ నుంచి ఇంచుమించు ఉత్తరానికే బయలుదేరి టిబెట్, సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం దాటి అలాస్కా మీదుగా దిగివస్తుంది.

అపోహ: హిమాలయాల ఎత్తును విమానాలు దాటలేవు.

ఎవరెస్ట్ 8,849 మీటర్లు, విమానాలు ఎగిరేది 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున. ఎత్తు సమస్యే కాదు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 10,000 అడుగులకు దిగాలి. చాలా విమానాల్లో ప్రయాణికుల మాస్కులకు ఆక్సిజన్ పావుగంట, ఇరవై నిమిషాలకు మించి రాదు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 14,000 అడుగులకు పైన! కిందికి దిగే చోటే లేనప్పుడు ఆ దారి మాకెందుకు?

అపోహ: దూరం పెరిగితే సమయమూ పెరుగుతుంది.

అన్నిటికన్నా మొండి అపోహ ఇదే. ఎయిర్ ఇండియా ఒకప్పుడు ఈ విమానాన్ని అట్లాంటిక్ మీదుగా, సుమారు 13,900 కిలోమీటర్ల దారిలో నడిపేది. 2016 అక్టోబర్‌లో తూర్పు దిక్కుగా, పసిఫిక్ మీదుగా మళ్లించింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. భాగించి చూడండి, సగటున గంటకు 1,055 కిలోమీటర్లు! ఆ విమానం సొంత వేగం 900 చుట్టుపక్కలే. మిగిలినదంతా పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలుల చలవ. మా తెరల మీద కిలోమీటర్లకన్నా ముందు చూసేది గాలి పటమే. అదే దారిన తిరిగొస్తే ఆ గాలే ఎదురొస్తుంది, అందుకే గంటో, అంతకన్నా ఎక్కువో అదనం. భూమి మన కింద తిరుగుతోంది కాబట్టి పడమటికి త్వరగా చేరాలి కదా అని వాదించేవాళ్లూ ఉన్నారు. భూమితోపాటు గాలీ తిరుగుతుంది, అందులో ఎగిరే విమానమూ తిరుగుతుంది.

అపోహ: దారి ఒకసారి ఖరారైతే అదే ఎప్పటికీ.

గాలిని బట్టి రోజూ మారుతుంది. రెండు ఇంజిన్ల విమానానికి నిర్ణీత సమయంలో చేరగల విమానాశ్రయం దారి పొడవునా ఉండాలి. 2023 జూన్‌లో ఇదే ప్రయాణంలో ఒక విమానం ఇంజిన్ సమస్యతో రష్యాలోని మగదాన్‌లో దిగింది. అలాంటి ఊరు ప్రయాణికులకు కొత్త, మా లెక్కలో పాతదే.

అపోహ: టికెట్ మీది రెండు సమయాల తేడాయే ప్రయాణ సమయం.

అలా లెక్కిస్తే, వేసవిలో ఉదయం 4కు ఢిల్లీలో ఎక్కి అదే రోజు 7కు అక్కడ దిగినవారు మూడు గంటల్లో అమెరికా చేరినట్టు! నిజానికి పదిహేనున్నర గంటలు. స్థానిక సమయం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. చలికాలంలో ఆ తేడా పదమూడున్నర. విమానాశ్రయానికి వచ్చే పిల్లలకు ఢిల్లీ సమయం కాదు, అక్కడ దిగే సమయం చెప్పండి.