మళ్లీ బాప్తిస్మం: తెలుగు సంఘాల్లో ఒక పాత వివాదం పుట్టుపూర్వోత్తరాలు

సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) లేదా లూథరన్ కుటుంబంలో పుట్టి, శిశువుగా ఉన్నప్పుడే బాప్తిస్మం పొంది, పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని తానే ఒప్పుకొనే కన్ఫర్మేషన్ కూడా పూర్తిచేసుకున్న యువకుడు ఏదైనా స్వతంత్ర సంఘానికి వెళ్లడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే నీటిలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకోవడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల్లో తరచుగా జరిగేదే. పాత సంఘం దృష్టిలో అది దేవుడు ఒకసారి చేసినదాన్ని కాదనడం. కొత్త సంఘమేమో ఇదే మొదటిదని, ఊహ తెలియని శిశువు తలపై చల్లిన నీళ్లు అసలు బాప్తిస్మమే కాదని అంటుంది. ఇళ్లలో, పెళ్లి సంబంధాల్లో, చివరికి సమాధుల తోట దగ్గర కూడా తలెత్తే ఈ తగవు తెలుగునేల మీద పుట్టింది కాదు.

త్రిత్వం, క్రీస్తు దైవమానవ స్వభావం, సిలువ మరణం, పునరుత్థానం, ఆయన మళ్లీ వచ్చి సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడం అనే మూల విశ్వాసాల్లో ఈ రెండు పక్షాలకూ పేచీ లేదు. పేచీ సంస్కారాల దగ్గర మొదలవుతుంది. కతోలిక సంఘం ఏడు సంస్కారాలను గుర్తిస్తుంది. ప్రొటెస్టంట్లలో అత్యధికులు బాప్తిస్మాన్నీ ప్రభు భోజనాన్నీ మాత్రమే క్రీస్తు నియమించినవిగా ఒప్పుకుంటారు. ఆ రెండింటిలోనూ దేవుడు తన కృపను నిజంగా అందిస్తాడా, లేక అవి అప్పటికే కలిగిన విశ్వాసానికి బహిరంగ సాక్ష్యం మాత్రమేనా అన్నదే అసలు చిక్కుముడి. మొదటిది నిజమైతే శిశువుకు బాప్తిస్మం ఇవ్వడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. రెండోది నిజమైతే విశ్వసించే వయసు రాకముందు ఇచ్చేదానికి అర్థం లేదు.

తొలి సంఘంలో పద్ధతులు ఇంత బిగుసుకుపోయి లేవు. మొదటి శతాబ్దం చివరనో రెండో శతాబ్దం ఆరంభంలోనో రూపొందిన దిదాకే అనే బోధన గ్రంథం పారే నీటిలో బాప్తిస్మం ఇమ్మంటుంది. అది లేకపోతే వేరే నీళ్లు, అవీ చాలకపోతే తలపై మూడుసార్లు పోసినా సరిపోతుందంటుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ చిన్నపిల్లల బాప్తిస్మాన్ని కొంతకాలం ఆపమని సలహా ఇచ్చాడంటే, అప్పటికే ఆ ఆచారం ఉన్నట్టే. ఒకసారి పొందినవారికి మళ్లీ ఇవ్వాలా అన్న ప్రశ్నా పాతదే. సంఘం నుండి చీలిపోయినవారు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని కార్తేజ్ బిషప్పు సిప్రియన్, చెల్లుతుందని రోమా బిషప్పు స్తెఫాను 256 ప్రాంతంలో గట్టిగా తలపడ్డారు. బాప్తిస్మం ఇచ్చిన మనిషిది కాదు, క్రీస్తుదేనన్న వాదం ఆ తర్వాత వేదాంతి అగస్టీను చేతుల్లో బలపడి, పాశ్చాత్య సంఘంలో రెండో బాప్తిస్మానికి వెయ్యేళ్లకు పైగా తలుపు మూసింది.

ఆ తలుపు 1525 జనవరిలో జ్యూరిక్‌లో తెరుచుకుంది. శిశువులుగా బాప్తిస్మం పొందిన కొందరు, తమ విశ్వాసాన్ని ఒప్పుకొని, ఒకరి చేత ఒకరు మళ్లీ తీసుకున్నారు. విరోధులు వారికి అనాబాప్టిస్టులని, అంటే మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవారని, పేరుపెట్టారు. రెండేళ్లు తిరగకుండానే వారిలో ఒకరైన ఫెలిక్స్ మాంజ్‌ను నగర పాలకులు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. ఆ శిక్షను ఎంచుకోవడంలోని వెటకారం ఎవరికీ బోధపడకుండా ఉండదు. లూథరన్లు 1530లో ఆగ్స్‌బర్గ్‌లో సమర్పించిన విశ్వాస ప్రమాణం అనాబాప్టిస్టులను పేరుపెట్టి ఖండించింది. ఇంగ్లండు నుండి వెళ్లి ఆమ్‌స్టర్‌డామ్‌లో తలదాచుకున్న జాన్ స్మిత్ 1609లో ప్రారంభించిన సమూహంతో బాప్టిస్టు సంఘాలు మొదలయ్యాయి. అయితే ఆయన నీళ్లు పోసి ఇచ్చాడే గాని ముంచలేదు. ముంచడమే సరైన పద్ధతన్న పట్టుదల ఇంగ్లండులోని బాప్టిస్టుల్లో 1640ల నాటికి స్థిరపడింది.

ఈ యూరోపు తగాదాలన్నీ పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల వెంట తెలుగు జిల్లాలకు చేరాయి. లండన్ మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టింది. 1836లో బ్రదరన్ సహవాసానికి చెందిన విలియం బౌడెన్, జార్జి బీర్ వచ్చి గోదావరి డెల్టాలో నరసాపురం పరిసరాల్లో పని ప్రారంభించారు. 1840లో అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే నెల్లూరు చేరితే, 1841లో ఆంగ్లికన్లు మచిలీపట్నంలో, 1842లో లూథరన్ పాదిరి హేయర్ గుంటూరులో స్థిరపడ్డారు. 1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్ వారైతే ఆ అనాబాప్టిస్టు పరంపరకు చెందినవారే. మిషన్లు ఒకరి పొలంలో ఒకరు నాటకూడదన్న అవగాహనతో ప్రాంతాలను పంచుకున్నాయి. దాంతో గుంటూరు వైపు మాలపల్లె లూథరన్‌దైంది, ఒంగోలు వైపు మాదిగపల్లె బాప్టిస్టుదైంది, దోర్నకల్ చుట్టూ ఊళ్లు ఆంగ్లికన్లవయ్యాయి. శిశువుకు నీళ్లు చల్లడమా, పెద్దవాళ్లను ముంచడమా అన్నది ఆ పల్లెలు వాక్యం వెదికి తేల్చుకున్న విషయం కాదు, తమ తాలూకాకు ఎవరు వచ్చారన్నదాన్ని బట్టి దక్కిన వారసత్వం. ఇప్పుడు ఒకరినొకరు లేఖనాలతో ఢీకొంటున్నవారు మరచిపోయేది సరిగ్గా ఇదే.

బాప్టిస్టు పక్షానికి ఈ గడ్డమీద మరపురాని ఘట్టాన్నిచ్చింది 1878. అంతకు ముందు రెండేళ్ల ఘోర కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని సహాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక, జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చారు. దేశీయ బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి ఆ పని ముగించారు.

1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య వంటివారు మొదలుపెట్టిన ఐక్యతా చర్చలు 28 ఏళ్లు సాగి, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడటంతో ముగిశాయి. అజరయ్య ఆ రోజు చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. అన్నేళ్లూ చర్చంతా బిషప్పు పదవి చుట్టూ తిరిగింది. బిషప్పు తలపై చేతులుంచి నియమించే హస్తనిక్షేపణ లేని పాదిరీలను అంగీకరించలేక నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో ఒక భాగం చాలా ఏళ్లు బయటే ఉండిపోయింది. బాప్తిస్మం అడ్డంకి కాలేదు, ఎందుకంటే కలిసిన ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలన్నీ శిశువులకు ఇచ్చేవే. తెలుగు బాప్టిస్టులు అందులో లేరు. అసలు ప్రశ్న బల్లమీదికే రాలేదు.

అది మరో దారిన వచ్చింది. పంజాబు నుండి వచ్చిన భక్త్‌సింగ్ 1941లో మద్రాసులో, ఆ తర్వాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా నెలకొల్పిన సహవాసాలు, వాటితోపాటు విస్తరించిన పెంతెకొస్తు సంఘాలు పాత మిషన్ల సరిహద్దులను లెక్కచేయలేదు. రక్షణ అనుభవం, ముంచుడు బాప్తిస్మం, రాకడ (క్రీస్తు మళ్లీ రావడం) అనే మూడింటినీ వరుసగా బోధించాయి. మూడోదానికి వేరే వంశవృక్షముంది. లోకాంతంలో వచ్చే మహాశ్రమలకు ముందే సంఘం పరలోకానికి ఎత్తబడుతుందన్న బోధను 1830లలో బ్రదరన్ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ వ్యాప్తిలోకి తెచ్చాడు. వ్యాఖ్యానాలతో వెలువడిన 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు దాన్ని లోకమంతటా పంచింది. ఆగ్స్‌బర్గ్ ప్రమాణమేమో పునరుత్థానానికి ముందు భూమిపై భక్తుల రాజ్యం వస్తుందన్న తలంపునే తోసిపుచ్చింది. రాకడ ఏ క్షణంలోనైనా జరగవచ్చని నమ్మిన కుర్రవాడికి శైశవంలో జరిగిన బాప్తిస్మం చాలునో చాలదో అన్న సందేహంతో కాలం గడపడం ప్రమాదంగా తోస్తుంది. మళ్లీ బాప్తిస్మాలకు వాక్యవాదాల కంటే ఈ తొందరే ఎక్కువ ఊపునిచ్చిందని నా అభిప్రాయం.

ఆ మధ్య మూడో మెలికా పడింది. త్రియేక నామంలో (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేర) కాక యేసు నామంలో మాత్రమే ఇచ్చినది చెల్లుతుందనే వర్గం అమెరికా పెంతెకొస్తుల్లో 1913 తర్వాత తలెత్తింది. దాని బోధ వింటే పెద్దయ్యాక మునిగినవారు సైతం ఇంకోసారి మునగాలి.

ఉత్తర భారతంలో 1970లో ఏర్పడిన ఐక్య సంఘం బాప్టిస్టులను కూడా చేర్చుకొని, శిశు బాప్తిస్మాన్నీ విశ్వాసుల బాప్తిస్మాన్నీ పక్కపక్కనే అనుమతించింది. 1982లో లిమాలో ప్రపంచ సంఘాల సమాఖ్య పక్షాన వెలువడిన పత్రం బాప్తిస్మం మళ్లీ ఇవ్వదగినది కాదని స్పష్టం చేసింది. తెలుగు జిల్లాల్లో మాత్రం మళ్లీ బాప్తిస్మం ఇస్తున్న సంఘాల్లో అధికభాగం ఏ సినడుకూ ఏ సమాఖ్యకూ చెందనివి కావడంతో, పాస్టర్లు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకునే వేదిక ఇంతవరకూ ఏర్పడలేదు.