హీరోయిన్ జాకెట్టు, మన నడుము: ఒక టైలరక్క చెప్పే అపోహలు - వాస్తవాలు

మాఘమాసం ముహూర్తాలు వచ్చాయంటే మా షాపులో కూర్చోడానికి చోటుండదు. మాది అమలాపురం. ఆడవాళ్లవి నేను కుడతాను, మగవాళ్లవి మా ఆయన కుడతారు. ఇక్కడ షాపు పెట్టకముందు ఆరేళ్లు హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉండి సినిమా కాస్ట్యూమ్స్ పని చేశాను. ఎక్కువగా లవ్ కామెడీలే. నా పేరు తెర మీద పడేంత పనేం కాదులెండి. హుక్కులు కుట్టడం, ఇస్త్రీ చేయడం, సెట్లో సూదీ దారం పట్టుకుని హీరోయిన్ వెనకాల నిలబడటం. అయితే వెనకాల నిలబడ్డవాళ్లకి మాత్రమే కనబడేవి కొన్ని ఉంటాయి.

ఇప్పుడు మా షాపుకొచ్చే పిల్లలు ఫోన్లో హీరోయిన్ ఫొటో పెట్టి "అక్కా, నాకు ఇలాగే రావాలి" అంటారు. ఇలాగే రావాల్సింది జాకెట్టా, ఒళ్లా అన్నది వాళ్లకీ తెలీదు. రోజూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: "హీరోయిన్‌కి ఏది వేసినా ఒంటికి అతికినట్టుంటుంది. మన ఒళ్లే బాగోదు."

వాస్తవం: అతికినట్టు ఉండదు. మేం అతికిస్తాం.

షూటింగ్‌కి రెడీమేడ్ డ్రెస్ తెచ్చేటప్పుడు ఒక సైజు పెద్దదే చూసి తెచ్చేవాళ్లం. పెద్దదాన్ని తగ్గించొచ్చు గాని చిన్నదాన్ని సాగదీయలేం కదా. షాట్‌కి ముందు వెనకవైపు గుడ్డంతా గుప్పిట్లోకి పట్టి, వరసగా క్లిప్పులు పెట్టేస్తాం. ముందు నుంచి చూస్తే నడుము సన్నగా, గీత గీసినట్టు ఉంటుంది. వెనక నుంచి చూస్తే బట్టలారేసిన దండెంలా ఉంటుంది. డైరెక్టరుగారు "ఇప్పుడు అటు తిరిగి నడవమ్మా" అన్నారంటే మాకు చెమటలు పట్టేవి. క్లిప్పులు తీసి, లోపల టాకాలు వేసి, ఇస్త్రీ పెట్టి, అప్పుడు పంపాలి. బట్టల షాపు అద్దంలో నిలబెట్టే బొమ్మ వెనక్కి వెళ్లి ఎప్పుడైనా చూడండి, దానికీ గుండుసూదులే.

ఒక హీరోయిన్ సంగతి చెప్తాను. ఆవిడ పేరు అనవసరం. రెండు షెడ్యూళ్ల మధ్య నెలన్నర గ్యాప్ వచ్చింది. తిరిగొచ్చేసరికి పాటలో వేసిన జాకెట్టు ఆవిడకి పట్టలేదు. ఛాతీ దగ్గర అంగుళంన్నర తేడా. ముందు తీసిన షాట్లతో కలవాలంటే (కంటిన్యుటీ అంటారు) అదే జాకెట్టు కావాలి. సెట్లో ఎవ్వరూ ఆవిడని ఒక్క మాట అనలేదు. తిట్లు తిన్నది నేను. "షెడ్యూలు ముందు కొలతలు మళ్లీ తీసుకోవద్దా? పక్కల్లో గుడ్డ వదిలావా లేదా?" అని మా మాస్టారు అందరిముందూ కడిగేశారు. నిజమే, తప్పు నాదే. రాత్రికి రాత్రి చంకల కింద ముక్క వేసి సరిచేశాను.

షాపు పెట్టాక ఆ సంగతి చాలాసార్లు గుర్తొచ్చింది. ఇక్కడ జాకెట్టు పట్టకపోతే నన్ను తిట్టేవాళ్లు తక్కువ. తల్లి కూతురి వంక చూసి "తిండి తగ్గించమంటే విన్నావా?" అంటుంది. ఆ పిల్ల తల దించుకుంటుంది. సినిమాలో తప్పు బట్టది, ఇంట్లో తప్పు పిల్లది. మరి ఇద్దరికీ కుట్టింది నేనే.

అపోహ: "సినిమాలో అంత మామూలుగా ఉన్న పిల్ల ఎంత మారిపోయిందో చూడండి, మనమూ అలా మారొచ్చు."

వాస్తవం: ఆ మారిపోయే సీను నాకు కంఠతా వచ్చు. ముందు: నూనె జడ, కళ్లద్దాలు, భుజం దగ్గర జారిపోయే వదులు కుర్తా, మట్టిరంగో బూడిదరంగో. తర్వాత: జుట్టు వదిలేస్తారు, అద్దాలు తీసేస్తారు, భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీదికి వస్తుంది, నడుం దగ్గర డాట్లు (ఒంటికి పట్టేలా వేసే మడతకుట్లు) పడతాయి. ఒళ్లు మాత్రం అదే. చాలాసార్లు రెండూ ఒక్క రోజే తీస్తారు. పొద్దున "ముందు", మధ్యాహ్నం భోజనాలయ్యాక "తర్వాత". ఆ మధ్యలో ఆ అమ్మాయి సన్నబడింది లేదు, పైగా పప్పూ ఆవకాయా వేసుకుని శుభ్రంగా భోంచేసింది.

వదులు కుర్తాలో ఆ అమ్మాయి బాగోలేదని హీరోగారికి అనిపించాలి కాబట్టి, బాగోకుండా కుట్టమని మాకు చెప్తారు. అందంగా లేనట్టు చూపించడానికి కూడా టైలరు కావాలి.

అపోహ: "లావుగా ఉన్న కమెడియన్ తెర మీదికి రాగానే నవ్వొస్తుంది, అది సహజం."

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం గిల్టీగా ఉంటుంది. ఎందుకంటే ఆ నవ్వుని కుట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. హీరోయిన్ పక్కనుండే లావుపాటి ఫ్రెండ్ పాత్రకి "ఒక సైజు తగ్గించి కుట్టు" అని చెప్పేవాళ్లు. అడ్డ చారలు, పెద్ద పెద్ద పువ్వులు, చంక దగ్గర బిగుతు. కమెడియన్ చొక్కాకైతే బొత్తాం బొత్తాం మధ్య గుడ్డ విచ్చుకుని పొట్ట కనబడాలి. అందుకని బొత్తాలు కావాలనే దూరం దూరంగా పెట్టేవాళ్లం. అదే మనిషికి అదే గుడ్డతో ఒంటికి సరిపోయే చొక్కా కుట్టి ఇస్తే పెద్దమనిషిలా ఉండేవాడు, ఎవరూ నవ్వరు. ఆ ఫ్రెండ్ పాత్ర వేసిన అమ్మాయి ట్రయల్‌కి వచ్చి అద్దంలో చూసుకుని, "ఇది నా సైజు కాదు కదా అక్కా?" అని అడిగింది. "కాదమ్మా, సీనుకి అలా కావాలన్నారు" అన్నాను. ఇంకేమంటాను? జీతం తీసుకుంటున్నాను.

అదే సినిమాలో హీరో చొక్కా చేతులు అరంగుళం బిగించి కుట్టాం, కండలు కనబడాలని. అక్కడా బిగుతే, ఇక్కడా బిగుతే. ఒకచోట ఈల వేస్తారు, ఒకచోట నవ్వుతారు.

అపోహ: "అందానికి ఒక కొలత ఉంది, మనం దానికి దూరం."

వాస్తవం: 1957లో వచ్చిన మాయాబజార్ మళ్లీ చూడండి. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసిన అల్లరి చూడండి. ఆ నిండైన బుగ్గలూ భుజాలూ చూసి ఎవరైనా వంక పెట్టారా? మా అమ్మమ్మ తరానికి అదే అందం. ఈరోజు అదే కొలతలతో ఒక పిల్ల మా షాపుకొస్తే వాళ్ల పిన్ని "కొంచెం తగ్గాలమ్మా" అంటుంది. టేపు అప్పుడూ 60 అంగుళాలే, ఇప్పుడూ 60 అంగుళాలే. చూసేవాళ్ల కళ్లే మారాయి.

అపోహ: "ఈమధ్య లావుగా ఉన్న హీరోయిన్లతో కూడా సినిమాలు తీస్తున్నారు, ఇంక గొడవ లేదు."

వాస్తవం: సగం నిజం. 2015లో అనుష్క 'సైజ్ జీరో' చేసింది. దానికోసం ఆవిడ నిజంగానే బరువు పెరిగింది. బరువు తగ్గిస్తామని మోసం చేసే క్లినిక్ మీద కథ. అదే ఏడాది హిందీలో 'దమ్ లగాకే హైశా' వచ్చింది. అందులో భార్య లావుగా ఉందని చిన్నచూపు చూసిన మొగుడే చివరికి ఆవిడని వీపున మోసుకుని పందెంలో పరిగెడతాడు. భూమి పెడ్నేకర్‌కి అది మొదటి సినిమా, ఆవిడా పాత్రకోసం బరువు పెరిగింది.

టైలరుగా నాకు ఇలాంటివి నచ్చుతాయి, నిజం ఒళ్లు కాబట్టి. సన్నటి మనిషి లావుగా కనబడేలా లోపల ఫోము పెట్టి కుట్టిన సూటు ఎంత బాగా చేసినా, మనిషి కూర్చుంటే దొరికిపోతుంది. నిజం నడుము కూర్చున్నప్పుడు మడతపడుతుంది, ఊపిరి పీలిస్తే జాకెట్టు హుక్కు కదులుతుంది. ఫోముకి అవేం రావు, దిండులా ఒకే తీరున ఉంటుంది.

కానీ నా అసంతృప్తి ఒకటుంది. లావుగా ఉన్న అమ్మాయి హీరోయిన్ అయితే, ఆ కథంతా ఆవిడ లావు గురించే. సన్నగా ఉన్న అమ్మాయికేమో ఉద్యోగం పోవచ్చు, ట్రైన్ మిస్ అవ్వొచ్చు, పక్కింటబ్బాయితో తగువు రావొచ్చు. 40 అంగుళాల నడుమున్న పిల్ల రావులపాలెం బస్టాండులో బస్సు తప్పిపోయి, ఎవడితోనో పేచీపడి, వాణ్ణే ప్రేమించి, సినిమా అయిపోయేదాకా ఒక్కరూ ఆవిడ ఒంటి గురించి మాట్లాడని కథ ఎవరైనా తీస్తే, జాకెట్లు నేను ఊరికే కుట్టిపెడతాను.

అపోహ: "చామనఛాయ వాళ్లకి పసుపు నప్పదు, ఎరుపు నప్పదు."

వాస్తవం: ఎండల్లో, మా కొబ్బరితోటల మధ్య, ఆవపువ్వు రంగు బండార్లంక నేతచీర కట్టుకుని నడిచొచ్చే ఆడవాళ్లని చూశాక కూడా ఈ మాట ఎలా అంటారో నాకర్థం కాదు. సెట్లో ఇబ్బంది పెట్టేది తెలుపు. లైట్లకి మెరిసిపోతుందని తెల్ల బట్టని పల్చటి టీ డికాక్షన్‌లో ముంచి, కొంచెం మాపు రంగు తెచ్చి వాడేవాళ్లం. అంటే మార్చుకోవాల్సింది బట్టని గాని ఒంటిరంగుని కాదని సినిమావాళ్లకి తెలుసు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. అదే ఏడు రంగు వల్ల నలిగిపోయిన అబ్బాయి కథతో 'కలర్ ఫొటో' వచ్చి, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తీసుకుంది. మా షాపులో మాత్రం "కొంచెం రంగు తేలేలా కనబడే గుడ్డ చెప్పండక్కా" అనే మాట పోలేదు.

అపోహ: "ఈ బాధలన్నీ ఆడవాళ్లకే."

వాస్తవం: మా ఆయన్ని అడగండి. ప్యాంటుకి నడుం ఎంతంటే "34" అంటారు, టేపు 38 చూపిస్తుంది. రెడీమేడ్ ప్యాంటు మీద ఉండే అంకె కంపెనీకో రకం, అది కొలత కాదని చెప్పినా వినరు. పొట్ట కిందకి దించి కట్టుకుని అదే నడుమంటారు. మొన్నామధ్య గల్ఫ్ నుంచి వచ్చిన పెళ్లికొడుకొకడు, తోడొచ్చిన ఫ్రెండ్స్‌ని టీకి పంపేసి, మా ఆయన చెవిలో "అన్నా, షేర్వాణీలో పొట్ట కనబడకుండా ఏదైనా చేయొచ్చాండి?" అని అడిగాడు. ఆ తర్వాత టోపీ తీసి "దీనికేమైనా ఉందా?" అన్నాడు. బట్టతల. దానికి మా దగ్గర తలపాగా ఒక్కటే ఉంది. 2021లో అవసరాల శ్రీనివాస్ 'నూటొక్క జిల్లాల అందగాడు'లో విగ్గుతో పడ్డ తిప్పలు చూసి మేం ఇంటిల్లిపాదీ నవ్వాం. ఈ అబ్బాయి ముందు మాత్రం మా ఆయనకి నవ్వు రాలేదు.

అపోహ: "ఉన్న ఒంటిని ఒప్పుకోవడం అంటే ఆరోగ్యం గాలికి వదిలేయడం."

వాస్తవం: టేపు నా చేతిలో ఉంటే ఒక పని, డాక్టరుగారి చేతిలో ఉంటే ఇంకో పని. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే మనవాళ్లలో షుగరు, గుండెజబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుందని వాళ్లు చెప్తారు. అది రక్తపరీక్షతో, నడకతో తేల్చుకోవలసిన సంగతి. జాకెట్టు బిగుతుతో షుగరు తగ్గదు.

అపోహ: "రెండంగుళాలు తగ్గించి కుట్టక్కా, పెళ్లిలోపు నేను తగ్గిపోతాను."

వాస్తవం: ఇది నేను ఎక్కువగా వినే మాట, ఎక్కువగా భయపడే మాట కూడా. షాపు పెట్టిన కొత్తలో ఒకసారి ఒప్పుకున్నాను. రాజోలు వైపు పిల్ల. మగ్గం వర్క్ జాకెట్టు, చేతుల నిండా పూసలు. పెళ్లికి వారం ముందు వచ్చింది, ముఖం పీక్కుపోయింది. పొద్దున నిమ్మరసం, రాత్రి మజ్జిగ, అంతేనట. తగ్గింది ముప్పావంగుళం. మగ్గం వర్క్ చేసిన గుడ్డని విప్పడం ఎంత కష్టమో కుట్టేవాళ్లకి తెలుసు. ఆ రాత్రి పూసలు ఒక్కొక్కటీ తీసి, పక్కలు విప్పి, మళ్లీ కుట్టాను.

అప్పటినుంచి నా లెక్క మార్చుకున్నాను. ఆది జాకెట్టు తెచ్చినా సరే, మనిషిని నిలబెట్టి ఈరోజు కొలత ఈరోజు తీస్తాను. ఊపిరి బిగబట్టనివ్వను. ఏదో ఒకటి మాట్లాడిస్తూ కొలుస్తాను, మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టలేరు కదా. తర్వాత పక్క కుట్ల లోపల గుడ్డ వదులుతాను. రెండు పక్కలు, ముందూ వెనకా కలిపి నాలుగు పొరలు. పొరకి అరంగుళం వదిలితే మొత్తం రెండంగుళాలు చేతిలో ఉన్నట్టు. పెళ్లిజాకెట్టుకైతే పొరకి అంగుళం వదులుతాను. వర్క్ పక్కకుట్టు దాకా రాకుండా ముందే గీత గీసి మగ్గానికి పంపుతాను.

మొన్న కార్తీకమాసంలో ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. రెండేళ్ల క్రితం పెళ్లిజాకెట్టు కుట్టించుకున్న పిల్లే. ఇప్పుడు ఏడో నెల, సీమంతానికి అదే చీర కట్టుకోవాలని సరదా. జాకెట్టు తిరగేసి పక్కకుట్టు పట్టుకుని చూస్తోంది.

"ఇదివరకే ఒకసారి విప్పించానక్కా, మొన్న సంక్రాంతికి. ఇంకా ఉందా లోపల?"

వేలితో తడిమి చూశాను. "ఇంకా అరంగుళం ఉందమ్మా, పొరకి. హుక్కుల పట్టీ కూడా జరుపుతాను. సాయంత్రం రా."