కాలా అజార్: మందు ఒక్కటే సరిపోని చోటు

నెలల తరబడి జ్వరం తగ్గక, ఎడమ పక్కటెముకల కింద ప్లీహం గట్టిగా చేతికి తగులుతున్న మనిషి పాడేరు మన్యం నుంచి విశాఖపట్నం ఆసుపత్రికి వస్తే, వైద్యుల ఆలోచన ముందుగా మలేరియా మీదికి పోతుంది. అదే మనిషి ఉత్తర బీహార్ నుంచి గాజువాక వైపు పనికి వచ్చిన కూలీ అయితే కాలా అజార్ కూడా గుర్తుకు రావాలి.

ఈ జబ్బు మనకు మరీ పరాయిదేమీ కాదు. దీని పరాన్నజీవిని 1903లో గుర్తించిన ఇద్దరిలో ఒకరైన చార్లెస్ డోనోవన్ అప్పట్లో పనిచేసింది, విశాఖ కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీ రాజధానిలోనే. ఇసుక ఈగ కాటుతో ఒంట్లోకి చేరే ఈ జీవి, తనను మింగి చంపవలసిన మాక్రోఫేజ్ కణాల లోపలే పెరుగుతుంది; జబ్బు ముదిరేకొద్దీ రోగి టీ కణాలు (రోగనిరోధక శక్తిని నడిపించే తెల్ల రక్తకణాలు) దాన్ని ఎదిరించడం మానేస్తాయి.

1920లో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి తయారుచేసిన యూరియా స్టిబమైన్ అనే ఆంటిమొనీ మూలకపు మందు ఎన్నో ప్రాణాలు నిలిపింది. అది మొదలు దశాబ్దాల పాటు ఆంటిమొనీ మందులే ఆధారమయ్యాయి. అయితే ఆ మందు ఒంటరిగా పనిచేయడం లేదని తేలడానికి 1989 దాకా పట్టింది. టీ కణాలు లేని ఎలుకలకు హెన్రీ మర్రే బృందం ఆంటిమొనీ ఇస్తే పరాన్నజీవులు తగ్గలేదు. టీ కణాలు ఎక్కించాక అదే మందు పనిచేసింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ కీలకం ఈ ప్రయోగమే, ఎందుకంటే మందు ఏ శక్తి తోడు కోరుతోందో జబ్బు సరిగ్గా ఆ శక్తినే అణచివేస్తోందని అది చూపింది. టీ కణాలు లేకున్నా ఆంఫోటెరిసిన్ బి అనే మరో మందు పరాన్నజీవులను చంపగలదని అదే బృందం తర్వాత చూపింది.

ఈలోగా ఉత్తర బీహార్‌లో ఆంటిమొనీ సగానికి మించి రోగులకు పనిచేయని స్థితి వచ్చింది. 2002లో నోటి మందు మిల్టెఫోసిన్‌కు మన దేశంలో అనుమతి లభించింది. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ (సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో నింపిన ఆంఫోటెరిసిన్ బి) ఒకే డోసుతో నూటికి 95 మందికి పైగా నయమైనట్లు 2010లో ప్రచురితమైన బీహార్ అధ్యయనం తెలిపింది.

టీ కణాలను దెబ్బతీసే హెచ్ఐవీ ఉన్నవారిలో మాత్రం లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ వాడాక కూడా జబ్బు తరచూ తిరగబెడుతుంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వారికి లైపోసోమల్ ఆంఫోటెరిసిన్‌ను, మిల్టెఫోసిన్‌ను కలిపి ఇవ్వాలని సూచించింది. పరీక్ష దగ్గర కూడా జాగ్రత్త అవసరం. వేలి కొసన తీసిన రక్తపు చుక్కతో చేసే ఆర్‌కే39 పట్టీ పరీక్ష యాంటీబాడీలను చూస్తుంది కనుక, అవి తగినంత తయారుకాని హెచ్ఐవీ రోగిలో జబ్బు ఉందని చెప్పే రెండో గీత రాకపోవచ్చు. అలాంటప్పుడు ఎముక మూలుగ తీసి, సూక్ష్మదర్శిని కింద పరాన్నజీవి కోసం వెతకాలి.