బడి రోజుల అల్పాహారం: అపోహలు - వాస్తవాలు

పిల్లల పోషకాహారం గురించి సలహా అడగడానికి వచ్చే తల్లిదండ్రులు తరచూ చెప్పే మాట, "పొద్దున వండిపెట్టే తీరిక ఉండదండీ" అని. తీరిక లేదన్నది నిజమే. కానీ పిల్లలు ఉదయం ఏం తింటున్నారో వరుసగా రాయించి చూస్తే, లోటు ఎక్కువగా మాంసకృత్తుల్లోనే కనిపిస్తుంది. పిండి పదార్థంతో, తీపితో కడుపు నిండుతుంది. రెండు పాఠాలు పూర్తయ్యేలోపే మళ్లీ ఆకలేస్తుంది.

అపోహ: వేడివేడిగా వండిపెడితేనే అది అల్పాహారం.

వాస్తవం: చల్లగా తిన్నంత మాత్రాన పోషకాలు తగ్గిపోవు. రాత్రి పడుకోబోయే ముందు మూత ఉన్న గిన్నెలో ఓట్స్ వేసి, అంతే కొలత పాలు, కాస్త పెరుగు కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి నాని మెత్తబడతాయి, పొయ్యి వెలిగించే పని ఉండదు. అరటిపండు మాత్రం ఉదయమే కోసి వేయాలి. రాత్రే వేస్తే ముక్కలు నల్లబడతాయి, పిల్లలు గిన్నెను పక్కకు నెట్టేస్తారు.

గుడ్లను కూడా ముందే ఉడికించి పెట్టుకోవచ్చు. ఉడికిన రెండు గంటల్లోపు పెంకుతోనే ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు వాడుకోవచ్చు. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ, బూడిద రంగులు కలిసిన వలయం కనిపిస్తే పాడైందనుకుని పారేస్తుంటారు. గుడ్డు ఎక్కువసేపు ఉడికినప్పుడు తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలవడం వల్ల వచ్చే రంగు అది. హాని ఏమీ లేదు. ఉడకగానే చన్నీళ్లలో వేస్తే ఆ వలయం చాలావరకు రాదు.

అపోహ: పిల్లలకు రోజూ గుడ్డు పెడితే కొలెస్ట్రాల్ పెరుగుతుంది.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు రోజుకో గుడ్డుతో ఇబ్బంది లేదు. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ సమస్య ఉన్న కుటుంబాలు వైద్యుణ్ని అడగాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో మరో 6 నుంచి 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకు రోజుకు కావలసింది 19 గ్రాములు. అంటే సగానికి పైగా పొద్దునే అందినట్టు. గుడ్డు తినని ఇళ్లలో పెరుగు, ఉడికించిన శనగలు, రొట్టె (బ్రెడ్) మీద పీనట్ బటర్ (వేరుశనగ ముద్ద) ఆ పని చేస్తాయి. అయిదేళ్ల లోపు పిల్లలకు బాదం, జీడిపప్పు లాంటి గింజలను అలాగే ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. మెత్తగా పొడి చేసి కలపండి.

అపోహ: పండ్ల రసం తాగితే పండు తిన్నట్టే.

వాస్తవం: ఇంట్లో పిండినదైనా సరే, కాదు. 200 మిల్లీలీటర్ల నారింజ రసంలో దాదాపు నాలుగు చెంచాల చక్కెర ఉంటుంది. పీచు చాలావరకు పిప్పితో పాటే పోతుంది. పండునే ఇవ్వండి.

అపోహ: డబ్బా మీద పోషకాల పేర్లు ఎక్కువగా ఉంటే మంచి ఆహారమే.

వాస్తవం: ముందు వైపు ఉండేది ప్రకటన. చదవాల్సింది వెనుక వైపు. అక్కడ పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. చక్కెర రెండో స్థానంలో ఉంటే దాన్ని మిఠాయి కిందే లెక్కవేస్తాను. గ్లూకోజ్ సిరప్, తేనె, మాల్ట్ సారం అని విడివిడిగా రాసి ఉంటే, అవీ చక్కెర కిందికే వస్తాయి కాబట్టి అన్నీ కలిపి చూసుకోవాలి. ఇంకో కిటుకు, ఒకసారికి 30 గ్రాములు అన్న లెక్క. కార్న్‌ఫ్లేక్స్‌ను అంతే తూచి గిన్నెలో వేసి చూపిస్తే "ఇంతేనా?" అంటారు చాలామంది. పిల్లలు పోసుకునేది అంతకంటే ఎక్కువే ఉంటుంది, చక్కెర కూడా ఆ మేరకు పెరుగుతుంది. రొట్టె గోధుమ రంగులో ఉందని కూడా మోసపోవద్దు, ఆ రంగు కలిపినదై ఉండవచ్చు. జాబితాలో మొదటి పేరు పొట్టుతో ఆడించిన గోధుమ పిండి అయి ఉండాలి.

అపోహ: లేవగానే తినని పిల్లలు మొండివాళ్లు.

వాస్తవం: కొందరికి లేచిన అరగంట దాకా ఆకలి పుట్టదు. రాత్రి భోజనం ఆలస్యమైతే, నిద్ర చాలకపోతే ఇది మరీ ఎక్కువ. బలవంతంగా నోట్లో కుక్కితే తిండి అంటేనే విసుగు పుడుతుంది. ఇలాంటి పిల్లలకు అల్పాహారాన్ని రెండుగా విడగొట్టండి: ఇంట్లో అరగ్లాసు పాలు; బడికి తీసుకెళ్లే డబ్బాలో పీనట్ బటర్ రాసిన రొట్టె, పండు. బడిలో మొదటి విరామం ఎన్ని గంటలకో, వేరుశనగ సరిపడని పిల్లల కోసం దాన్ని వద్దనే నియమం ఉందేమో ముందే కనుక్కోండి. అలా ఉంటే పీనట్ బటర్ బదులు చీజ్ పెట్టవచ్చు.