పల్లెటూర్లో డ్యాన్స్ మ్యూజిక్ ఫెస్టివల్: సౌండ్ పని చేసేవాడిగా నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నాది లైవ్ సౌండ్ పని. ఓపెన్ గ్రౌండ్ షోలకి స్పీకర్లు ఎక్కడ పెట్టాలి, ఏ వైపు తిప్పాలి, ఎంత లెవెల్లో నడపాలి అన్నది చూసుకుంటా. 2024 డిసెంబర్ 28, 29, 30 తేదీల్లో సన్‌బర్న్ అనే డ్యాన్స్ మ్యూజిక్ ఫెస్టివల్ నార్త్ గోవాలో పెర్నెం తాలూకా ధార్గళ్ అనే ఊళ్ళో జరిగింది కదా, దాని మీద మనవాళ్ళ వాదనలు ఇప్పటికీ ఆగట్లేదు. ముందు సౌత్ గోవా అన్నారు, అక్కడ ఊళ్ళు ఒప్పుకోలేదు, తర్వాత ధార్గళ్ అన్నారు, అక్కడా ఊరు రెండుగా చీలింది, పంచాయతీలో గొడవ, గ్రామసభలో గొడవ, చివరికి హైకోర్టు దాకా పోయింది. డిసెంబర్ వస్తే గోవా రైలెక్కే తెలుగు కుర్రాళ్ళు చాలామంది కాబట్టి ఇది మనకి దూరం విషయం కాదు, పైగా రేపు ఏ వికారాబాద్ వైపో అరకు వైపో ఇలాంటిది పెడితే సేమ్ వాదనలే వస్తాయి. ఒక సైడ్ వాళ్ళేమో ఊరివాళ్ళకి ఏమీ తెలీదు అంటారు, ఇంకో సైడ్ వాళ్ళేమో ఆ మ్యూజిక్కే పాపం అంటారు, రెండూ తప్పే. నాకు తెలిసినంతవరకు గొడవ మ్యూజిక్ గురించి కాదు, రాత్రిపూట బేస్ గురించి, అంటే దెబ్బలా తగిలే లావు సౌండ్ గురించి, అది మా చేతిలో ఉన్న విషయం.

అపోహ: "ఊరికి రెండు కిలోమీటర్ల అవతల పొలాల్లో పెడుతున్నారు, ఎవరికి ఇబ్బంది?"

లెక్క చూడండి. ఓపెన్‌లో దూరం డబుల్ అయిన ప్రతిసారీ సౌండ్ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్టేజ్‌కి 30 మీటర్ల దగ్గర 100 ఉందనుకోండి, 60 దగ్గర 94, 120 దగ్గర 88, ఇలా వేసుకుంటూ పోతే కిలోమీటర్ దగ్గర 70, రెండు కిలోమీటర్ల దగ్గర 64 దాకా మిగులుతుంది. మన దేశంలో 2000 నాటి నాయిస్ రూల్స్ ప్రకారం ఇళ్ళు ఉన్న ఏరియాలో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 ఉండాలి. ఇంకో విషయం, ఆ రూల్స్‌లో ఉన్నవి నాలుగే కేటగిరీలు, ఇండస్ట్రియల్, కమర్షియల్, రెసిడెన్షియల్, సైలెన్స్ జోన్. పొలం అనే కేటగిరీయే లేదు, "ఇది వ్యవసాయ భూమి కదా, లిమిట్ వర్తించదు" అని వాదించేవాళ్ళు అక్కడే మొదలుపెడతారు. భూమి ఎవరిదైనా ఏదైనా గానీ సౌండ్ చేరేది ఇంటికి, ఆ ఇంటి దగ్గర లిమిట్ చూడాలి.

చెట్లు ఆపుతాయి, గాలి తినేస్తుంది అంటారు, అవి తినేది ట్రెబుల్‌ని, అంటే సన్నటి సౌండ్‌ని మాత్రమే. 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అదిరే బేస్ అల పొడవు దాదాపు 7 మీటర్లు, దానికి జీడిమామిడి తోట అడ్డమే కాదు.

అన్నిటికన్నా ముఖ్యంగా రాత్రి వేరు, పగలు వేరు. పగలు నేల వేడిగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ గాలి చల్లగా ఉంటుంది, అప్పుడు సౌండ్ పైకి వంగి వెళ్ళిపోతుంది. చలికాలం రాత్రి దీనికి రివర్స్, నేల చల్లబడి పైన వెచ్చటి గాలి పొర నిలబడుతుంది, పైకి పోవాల్సిన సౌండ్ కిందికి వంగి ఎక్కడో దూరంగా ఉన్న ఊరి మీద దిగుతుంది. అందుకే సాయంత్రం నాలుగింటికి సౌండ్ చెక్ చేసినప్పుడు వినపడని ఊళ్ళో రాత్రి తొమ్మిదింటికి ఏ పాటో కూడా తెలిసిపోయేలా వినపడుతుంది, మేము మిక్సర్ మీద లెవెల్ పెంచే ఫేడర్ అంగుళం కదపకపోయినా సరే. డిసెంబర్ ఫెస్టివల్ అంటే సరిగ్గా ఆ సీజనే. ఊరివాళ్ళు "పగలు బానే ఉంది, చీకటి పడ్డాక పెంచేశారు" అంటే అబద్ధం చెప్తున్నారని అనుకోకండి, వాళ్ళ ఇంటి దగ్గర నిజంగానే పెరిగింది.

సిటీ వాళ్ళకి అర్థం కానిది ఇంకోటుంది. సిటీలో అర్ధరాత్రి కూడా ఏదో ఒక బండి, ఏసీ, ఫ్యాన్ల హోరు ఉంటూనే ఉంటుంది, దాంట్లో దూరపు సౌండ్ కలిసిపోతుంది. పల్లెలో రాత్రి కీచురాళ్ళు తప్ప ఏమీ ఉండవు. అదే 50 డెసిబెల్స్ అక్కడ ఇంట్లోకొచ్చి కూర్చున్నట్టే ఉంటుంది.

అపోహ: "మీటర్ పెట్టి చూశాం, లిమిట్లోనే ఉంది, కావాలని గొడవ చేస్తున్నారు"

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే గొడవలో సగం ఇక్కడే ఉంది. మామూలుగా అధికారులు కొలిచేది డెసిబెల్ 'ఎ' స్కేల్లో. ఆ స్కేల్ తక్కువ సౌండ్ దగ్గర మనిషి చెవి వినే తీరుకి దగ్గరగా తయారుచేసింది కాబట్టి బేస్‌ని చాలా వరకు వదిలేస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ తీసేస్తుంది, 50 దగ్గర 30 తీసేస్తుంది, 31.5 దగ్గర 39 తీసేస్తుంది. డ్యాన్స్ మ్యూజిక్‌లో కిక్ డ్రమ్, సబ్ బేస్ మొత్తం ఉండేది అక్కడే. అంటే షోలో అన్నిటికన్నా బలమైన భాగం మీటర్లో దాదాపు కనపడదు. అదే మీటర్‌ని 'సి' స్కేల్‌కి మార్చండి, 63 దగ్గర ఒక డెసిబెల్ కూడా తగ్గదు, అప్పుడు నంబర్ ఎక్కడికి ఎగిరిందో చూడండి. ఫోన్లో యాప్ పెట్టి కొలిచేవాళ్ళకి కూడా ఒక మాట, చాలా ఫోన్ల మైకులు మాట కోసం తయారైనవి, బేస్‌ని సరిగ్గా పట్టవు, ఆ నంబర్ చూపించి వాదనకి దిగకండి.

రేకుల ఇంట్లో రాత్రి కూర్చుని చూస్తే తెలుస్తుంది. పాట వినపడదు, ట్యూన్ తెలీదు. అల్మరాలో స్టీల్ గ్లాసులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతుంటాయి, రేకు స్క్రూ లూజుగా ఉన్నచోట జుయ్యిమంటుంది, కిటికీ అద్దం మీద వేలు పెడితే దెబ్బ దెబ్బకీ అదురు తెలుస్తుంది. తలుపు మూస్తే తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది, ఎందుకంటే పై సౌండ్ ఆగిపోయి కింది దెబ్బ ఒక్కటే మిగులుతుంది. ముసలావిడ "చెవికి కాదు నాయనా, గుండె మీద కొడుతోంది" అంటే అది పెద్దతనం చాదస్తం కాదు, ఆవిడ చెప్పేదే కరెక్ట్ కొలత.

బ్రిటన్‌లో కచేరీల సౌండ్ మీద 1995లో ఒక గైడెన్స్ వచ్చింది. అందులో ఈ విషయం సూటిగా రాశారు: దూరపు ఇళ్ళ దగ్గర 63 లేదా 125 హెర్ట్జ్ బ్యాండ్‌లో 70 డెసిబెల్స్ దాకా పర్లేదు, 80 దాటితే జనానికి బాగా ఇబ్బంది అని. మన రూల్స్‌లో బేస్‌కి వేరే లిమిట్ లేదు. ఇందాకటి లెక్క మళ్ళీ వెయ్యండి, స్టేజ్ ముందు 30 మీటర్ల దగ్గర బేస్ 115 ఉంటే, ఈ మ్యూజిక్‌కి అది మామూలే, రెండు కిలోమీటర్ల దగ్గర దాదాపు 79. అక్కడ 'ఎ' స్కేల్ మీటర్ ఏ యాభయ్యో అరవయ్యో చూపిస్తుంటుంది, ఆర్గనైజర్ కాగితం చూపిస్తాడు, ఊరివాళ్ళు గ్లాసులు చూపిస్తారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

అపోహ: "బేస్ కంట్రోల్ చేస్తే షో చచ్చిపోతుంది"

ఇది మా ఫీల్డ్ లోపలి అపోహ, నాకు ఎక్కువ బాధ కలిగించేది కూడా ఇదే. బేస్ తగ్గించమని ఎవరూ అడగట్లేదు, వెనక్కి పోకుండా చూడమంటున్నారు. మామూలుగా సబ్ బాక్స్, అంటే బేస్ ఒక్కటే కొట్టే స్పీకర్, అన్ని వైపులకీ ఒకేలా కొడుతుంది, జనం ముందుంటే స్టేజ్ వెనకున్న ఊరికీ అంతే వెళ్తుంది. దీనికి కార్డియాయిడ్ సెటప్ అని ఉంది. మూడు సబ్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యదాన్ని వెనక్కి తిప్పి, దాని పోలారిటీ (సిగ్నల్ ప్లస్ మైనస్) రివర్స్ చేసి, కొన్ని మిల్లీసెకన్ల డీలే ఇస్తారు. ముందు వైపు మూడూ కలుస్తాయి, వెనక వైపు ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. కరెక్ట్‌గా చేస్తే వెనక 10 నుంచి 15 డెసిబెల్స్ తగ్గుతుంది. మొదటిసారి చూసేవాళ్ళు నమ్మరు, స్టేజ్ ముందు చొక్కా అదురుతుంటుంది, స్టేజ్ పక్క నుంచి నడుచుకుంటూ వెనక్కి వస్తుంటే ఎవరో నాబ్ తిప్పినట్టు బేస్ పడిపోతుంది, జనరేటర్ సౌండ్ వినపడటం మొదలవుతుంది.

ముందు వైపు జనానికి పూర్తి బేస్ అలాగే ఉంటుంది. ఖర్చయ్యేది ఇంకొన్ని బాక్సులు, ఆంప్ ఛానెళ్ళు, ట్యూనింగ్‌కి కొన్ని గంటలు. పైగా స్టేజ్ ఏ వైపు తిప్పాలి అన్నది పైసా ఖర్చు లేని నిర్ణయం, కానీ చాలా చోట్ల అది గేటు ఎటుంది, పార్కింగ్ ఎటుంది, కెమెరాకి బ్యాక్‌గ్రౌండ్ ఏది బావుంటుంది అన్నదాన్ని బట్టి ఫిక్స్ అయిపోయాక సౌండ్ వాళ్ళని పిలుస్తారు. అప్పటికి స్టేజ్ ఊరి వైపు చూస్తుంటుంది, ఇంకేం చేస్తాం.

ఎంత పెంచితే అంత ఎంజాయ్ అన్నది కూడా తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మ్యూజిక్ వెన్యూలకి ఇచ్చిన స్టాండర్డ్ సగటున 100 డెసిబెల్స్, మించకూడదు, ఇయర్ ప్లగ్స్ అందుబాటులో ఉంచాలి, చెవికి రెస్ట్ ఇచ్చే చోటు పెట్టాలి అని కూడా ఉంది. మంచి సిస్టమ్ మీద 100 అంటే చాలా చాలా ఎక్కువ.

అపోహ: "జాతరకి, నిమజ్జనానికి డీజే పెడితే లేని నొప్పి దీనికెందుకు?"

జాతర డీజే కూడా నొప్పే, దాన్ని వెనకేసుకు రాను. ఊరేగింపుల్లో డీజేలని హైదరాబాద్ పోలీసులు 2024లో నిషేధించింది కూడా ఊరికే కాదు. కానీ రెండిటికీ ఒక తేడా ఉంది. జాతర ఊరు పెట్టుకున్నది, ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు ఆగుతుందో అందరికీ తెలుసు, ఎక్కువైతే డీజే వాడి దగ్గరికెళ్ళి "ఒరేయ్ ఆపరా ఇంక, నాన్నకి ఒంట్లో బాలేదు" అనొచ్చు. ఫెస్టివల్లో ఆ మాట చెప్పడానికి బౌన్సర్‌ని దాటి లోపలికి కూడా పోలేరు.

అపోహ: "ఊరికి డబ్బే డబ్బు"

కొందరికి వస్తుంది, నిజం. భూమి లీజుకి ఇచ్చినవాళ్ళకి, రూములు ఉన్నవాళ్ళకి, ఆటో టాక్సీ వాళ్ళకి. కానీ స్టేజ్, లైట్లు, సౌండ్, జనరేటర్లు, ఫుడ్ స్టాళ్ళు, సెక్యూరిటీ అన్నీ పెద్ద ఊళ్ళ నుంచి లారీల్లో దిగుతాయి, నాలుగు రోజుల తర్వాత అవే లారీల్లో పోతాయి. ట్రాఫిక్, చెత్త, నిద్ర లేకపోవడం మాత్రం లీజు రాని పక్క పొలం వాళ్ళక్కూడా సమానంగా వస్తాయి. ఊరు రెండుగా చీలేది అందుకే, మ్యూజిక్ టేస్ట్‌కి దీంతో సంబంధం లేదు.

వేరేలా చెయ్యొచ్చా అంటే చెయ్యొచ్చు. పోర్చుగల్‌లో ఇదాన్యా అ నోవా అనే వెనకబడిన పల్లె ప్రాంతం ఉంది, జనం వలసపోయి ఖాళీ అవుతున్న చోటు. అక్కడ డ్యామ్ చెరువు ఒడ్డున బూమ్ ఫెస్టివల్ జరుగుతుంది, ట్రాన్స్ అనే రకం డ్యాన్స్ మ్యూజిక్ వినేవాళ్ళకి బాగా తెలిసిన పేరు. రెండేళ్ళకి ఒకసారే పెడతారు, ఒకే స్థలంలో ఉండిపోయారు, కంపోస్ట్ టాయిలెట్ల లాంటివి సొంతంగా పెట్టుకున్నారు. 2015లో ఆ ఊరికి యునెస్కో మ్యూజిక్ సిటీ గుర్తింపు కూడా వచ్చింది. వచ్చేసారి మళ్ళీ ఇదే మొహాలు చూడాలి అనే లెక్క ఉన్నప్పుడు ఆర్గనైజర్ ప్రవర్తన వేరుగా ఉంటుంది. సన్‌బర్న్ 2016లో గోవా వదిలి పుణె పక్కన కేస్నంద్ పోయింది, మళ్ళీ గోవాకి వచ్చింది, ఇలా చోటు మారుతుంటే ప్రతి ఊరికీ కొత్త చుట్టమే.

అపోహ: "ఈ మ్యూజిక్ అంటేనే డ్రగ్స్" / "అదంతా ప్రచారం, డ్రగ్స్ అసలు లేవు"

రెండూ వదిలెయ్యండి. వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది డ్యాన్స్ చెయ్యడానికే వస్తారు, స్టేజ్ పక్క నుంచి చూసేవాడిని, వాళ్ళ మొహాల్లో సంతోషం నాకు తెలుసు. లేనే లేవు అనడం కూడా పచ్చి అబద్ధం. 2019 డిసెంబర్‌లో గోవాలోనే వాగతోర్‌లో జరిగిన సన్‌బర్న్ దగ్గర మన ఆంధ్రా కుర్రాళ్ళే ఇద్దరు కుప్పకూలి చనిపోయారు, 2024లో ధార్గళ్‌లో ఢిల్లీ కుర్రాడు ఒకడు పోయాడు. కారణం ఏదైనా కానివ్వండి, పల్లెలో ఫెస్టివల్ అంటే పెద్దాసుపత్రి దూరం, రోడ్డు ఒకటే, ఆ రోడ్డు నిండా కార్లు. ఫ్రీ మంచినీళ్ళు ఎన్నిచోట్ల ఉన్నాయి, లోపల డాక్టర్ ఉన్నాడా, అంబులెన్స్‌కి వేరే దారి ఉందా అన్నది సౌండ్ కన్నా ముందు చూడాల్సిన విషయం.

అపోహ: "పర్మిషన్ వచ్చిందంటే అన్నీ చూసే ఇచ్చుంటారు"

పర్మిషన్ కాగితంలో సాధారణంగా "నాయిస్ రూల్స్ పాటించాలి" అని ఒక లైన్ ఉంటుంది, అంతే. రూల్స్ ప్రకారం ఓపెన్‌లో రాత్రి పదికి లౌడ్‌స్పీకర్ ఆపాలి, పండగలు సాంస్కృతిక కార్యక్రమాలకి రాష్ట్ర ప్రభుత్వం పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్. వంద మీటర్లు అంటే ఈ సిస్టమ్స్‌కి లెక్కలోకే రాదు, ధార్గళ్‌లోనే ఆయుర్వేద ఆసుపత్రి ఉంది, పేషెంట్ మంచానికి కావాల్సింది అంతకన్నా చాలా ఎక్కువ దూరం.

మీ ఊళ్ళో ఇలాంటిది పెడతాం అని గ్రామసభలో మాట వస్తే వద్దు అనో సరే అనో చెప్పే ముందు ఆర్గనైజర్‌ని కొన్ని అడగండి, రాతపూర్వకంగా. స్టేజ్ ఏ దిక్కు చూస్తుంది, మ్యాప్ మీద చూపించమనండి. సబ్‌లు కార్డియాయిడ్ పెడుతున్నారా. మీటర్ ఏ ఇంటి దగ్గర పెడతారు, 63 హెర్ట్జ్ బ్యాండ్ కూడా రికార్డు చేస్తారా, రాత్రి పూట గంట గంటకీ ఆ రీడింగ్ పంచాయతీకి ఇస్తారా. అన్నిటికన్నా ముఖ్యం ఒక ఫోన్ నంబర్, అది ఆఫీసులో మోగేది కాదు, మిక్సర్ పక్కన నిలబడ్డ మాలాంటి వాడి దగ్గర మోగేది, బేస్ ఎక్కువైందంటే అక్కడికక్కడ మూడు డెసిబెల్స్ దించగలిగేవాడు. అప్పటికీ వినకపోతే, లిమిట్ కన్నా 10 డెసిబెల్స్ దాటినా, పది తర్వాత ఆపకపోయినా రూల్స్ కింద ఫిర్యాదు చెయ్యొచ్చు. కలెక్టర్‌కి గానీ, కమిషనరేట్ అయితే కమిషనర్‌కి గానీ, ప్రభుత్వం నియమించిన డీఎస్పీ స్థాయి అధికారికి గానీ. టైము, మీ ఇంటి నుంచి స్టేజ్‌కి దూరం, గాలి ఎటు వీస్తోంది, గ్లాసులు మోగుతున్న వీడియో, ఇవి రాసి పెట్టుకుంటే ఆ కాగితానికి బలం వస్తుంది.