చెయ్యి తిరగడం లేదని మాన్పించకండి: బొమ్మల చదువుపై అపోహలు, వాస్తవాలు

"మా పాపకు చెయ్యి తిరగడం లేదు మాస్టారూ. వచ్చే నెల నుంచి మాన్పించేద్దాం అనుకుంటున్నాం."

రాజమహేంద్రవరంలో పిల్లలకు బొమ్మలు నేర్పే నాకు ఈ మాట ఏటా వినపడుతుంది. ఆ పాప వయసు అడగనక్కర్లేదు. తొమ్మిదికీ పదకొండుకీ మధ్య ఉంటుంది.

అపోహ: బొమ్మలు పుట్టుకతో రావాలి. పదేళ్లకు రాకపోతే ఇక రావు.

పిల్లలకు ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. నాలుగేళ్ల పిల్ల తలకే కాళ్లూ చేతులూ తగిలించి "ఇది అమ్మ" అంటుంది. అందులో లోటేమీ ఆమెకు కనిపించదు. ఆరేడేళ్లకు కాగితం అడుగున ఒక గీత గీసి, ఇల్లూ చెట్టూ దాని మీద నిలబెడుతుంది. తొమ్మిది, పదేళ్లకు కన్ను పదునెక్కుతుంది. తన బొమ్మ అసలు వస్తువులా లేదని మొదటిసారి తనకే తెలుస్తుంది. చెయ్యి మాత్రం ఇంకా ఆ కన్నును అందుకోలేదు. అందుకే చెరుపుతుంది, చించుతుంది, "నాకు రాదు" అని ఏడుస్తుంది. చూడటం వచ్చినందుకు ఏడుస్తున్న పిల్లను ప్రతిభ లేదని ఇంటికి తీసుకుపోతారు! ఆ వయసులో ఆపేసిన పెద్దవాళ్లు చాలామంది నలభై ఏళ్లకు కూడా పదేళ్ల పిల్లలు వేసినట్టే వేస్తారు. నమ్మకపోతే ఇప్పుడే ఒక మనిషి బొమ్మ వేసి చూసుకోండి.

పైన చెప్పిన పాప ముందు ఇత్తడి చెంబు పెట్టాను. మూతి గుండ్రంగా గీసింది, అడుగు రూళ్లకర్రతో గీసినంత తిన్నగా గీసింది. మూతి గుండ్రమని తనకు తెలుసు, బల్ల మీద ఆనుతుంది కాబట్టి అడుగు తిన్నగా ఉండాలనుకుంది. చెంబును ఆమె కంటి ఎత్తుకు లేపాను. మూతి గీతలా సన్నబడింది. మెల్లగా దించుతూ పోతే కోడిగుడ్డులా విప్పుకుంది. "అడుగు కూడా వంగిందండీ!" అని అరిచింది. ఆరోజు అదే చెంబును తొమ్మిదిసార్లు వేసింది. వాళ్లమ్మకు మొదటిదీ తొమ్మిదోదీ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తల్లిని నేను తప్పుపట్టను. పిల్ల ఏడుపు చూడలేకే మాన్పించాలనుకుంది.

మా ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రకళా మందిరానికి పిల్లలను తీసుకెళ్లినప్పుడు "ఆయనది పుట్టు ప్రతిభ కదా" అంటారు కొందరు పెద్దలు. 1897లో పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయారాయన. ఆ కొద్ది కాలంలోనే ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. చిత్రకళా పాఠశాలకు వెళ్లి నేర్చుకున్నారు. తిరిగొచ్చి ఊళ్లో చిత్రకళాశాల పెట్టారు. ఆయన పోయాక వరదా వెంకటరత్నం గారు దాన్ని నడిపారు. పుట్టుకతోనే వచ్చేదైతే ఆయన బడి ఎందుకు పెట్టినట్టు? అందుకే ఆ మందిరంలో పిల్లలను నేను ముందుగా ఆయన పెన్సిలు గీతల దగ్గర ఆపుతాను. రంగులు తర్వాత చూడవచ్చు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

కళ గురించి తెలియనివాళ్లు గ్యాలరీకి వెళ్లకూడదట. ఎవరన్నారో గానీ, ఎంతమందిని గుమ్మంలోనే ఆపేసిందో ఈ మాట! ఒక్క పటం ముందు అయిదు నిమిషాలు నిలబడి, వెలుగు ఎటు నుంచి పడుతోందో వెతకండి. మొదటిసారికి అది చాలు.

మ్యూజియంలో దీపాలు మసకగా ఉండేది కరెంటు బిల్లు తగ్గించడానికేనట. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, వెలిసింది తిరిగి రాదు. అందుకే వాటి మీద వెలుగు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకుండా చూడటం ఆనవాయితీ.

వేలితో ఒక్కసారి తాకితే ఏమీ కాదట. వేలికి ఉప్పూ జిడ్డూ ఉంటాయి, అవి పటానికి అంటుకుంటాయి. పిల్లలకు ఒక్కసారి చెబితే వింటారు, పెద్దలకే పదిసార్లు చెప్పాలి.

ఇక "బొమ్మలతో చదువు పాడవుతుంది" అనేవారు బిడ్డతోపాటు ఇంట్లో ఉన్న చెంబు ఒకటి పట్టుకుని ఒక ఆదివారం రండి. బిడ్డ పక్కనే కూర్చుని మీరూ గీయండి. రబ్బరు మాత్రం తేవద్దు.